ఆస్పత్రి ఆవరణల్లో పాత ఇళ్లు: బేగంపేట నుంచి కోఠీ దాకా

గురువారం, బేగంపేట

హైదరాబాద్‌లో పాత కట్టడాలు చూడాలనుకునేవాళ్లు చార్మినార్ నుంచో గోల్కొండ నుంచో మొదలుపెడతారు. మేం బేగంపేట పాత విమానాశ్రయం దగ్గరి ఒక బంగళాతో మొదలుపెట్టాం. ఒకప్పటి సైనిక ఆస్పత్రి ఆవరణలో మిగిలిన ఇల్లు అది. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని బ్రిటిష్ సైనిక డాక్టర్ రోనాల్డ్ రాస్ తన కళ్లతో చూసింది ఇక్కడే, 1897 ఆగస్టు 20న. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో, రాస్ పేరు మీదున్న పరాన్నజీవుల అధ్యయన సంస్థగా ఉంది.

నాతో వచ్చింది మా పెదనాన్న. ఖమ్మం జిల్లాలో మలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. జ్వరం వచ్చిన ఇంటికల్లా వెళ్లి, వేలి కొసన సూదితో పొడిచి, రక్తపు బొట్టును గాజు పలక మీద పూసి ల్యాబ్‌కు పంపడం, ఇంటింటికీ గోడల మీద డీడీటీ అనే దోమల మందు కొట్టించడం, కొట్టిన తారీఖు గుమ్మం పక్కన రాయించడం ఆయన ఉద్యోగం. నేను ఇళ్లకు ప్లాన్లు గీస్తాను. ఈ బంగళాను ఆయన చూసే తీరు వేరు, నేను చూసే తీరు వేరు. ఇద్దరం కలిసి చూడటం వల్లే నాకు దాని సంగతి అర్థమైంది.

ఒకే అంతస్తు కట్టడం. గోడల మందం ఎంతో కిటికీ గట్టు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. మన అపార్ట్‌మెంట్ గోడల్లాంటివి రెండు మూడు అందులో ఇమిడిపోతాయి. కప్పు ఎత్తు. ఆ కాలపు సైనిక ఆస్పత్రుల్ని, బంగళాల్ని అలాగే కట్టేవాళ్లు. దానికొక కారణం ఉంది.

1857 తిరుగుబాటు అణిచేశాక, ఇండియాలో తమ సైనికుల ఆరోగ్యం మీద బ్రిటిష్ ప్రభుత్వం 1859లో ఒక రాయల్ కమిషన్ వేసింది. 1863లో నివేదిక వచ్చింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని అందులో తేలింది. ఎక్కువమందిని చంపింది తుపాకులు కాదు, జ్వరాలు, విరేచనాలు, కలరా. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇండియాలో అడుగు పెట్టకుండానే, ఇక్కడి కంటోన్మెంట్ల నుంచి తెప్పించిన కాగితాలన్నీ చదివి, బారకాసులు, ఆస్పత్రులు ఎలా కట్టాలో రాసింది. నేల ఎత్తు చేయాలి, చుట్టూ వరండా ఉండాలి, ఎదురెదురు కిటికీలతో గాలి అడ్డంగా ఆడాలి, మనిషికి ఇంత గాలి అని లెక్క కట్టి గది కట్టాలి. జ్వరం చిత్తడి నేల నుంచి రాత్రిపూట లేచే చెడు ఆవిరి వల్ల వస్తుందని అప్పట్లో డాక్టర్లలో చాలామంది గట్టిగా నమ్మేవాళ్లు. అందుకే ఆ కాలపు కట్టడమంతా గాలి చుట్టూ తిరుగుతుంది. నేల మీది గాలి లోపలికి రాకూడదు, పై గాలి మాత్రం ధారాళంగా రావాలి.

అలాంటి ఆస్పత్రిలో రాస్‌కు దొరికింది వేడిగా, చీకటిగా ఉండే ఒక చిన్న గది. పంకా ఊపించుకోవడానికి వీల్లేదు, కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయి. నుదుటి మీది చెమట, చేతుల చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయని, దానికి మిగిలిన, కన్ను ఆనించి చూసే ఒక్క అద్దానికీ పగులు వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. అంతకుముందు రెండేళ్లు ఆయన చూసినవి వేరే జాతి దోమలు. వాటిలో ఏమీ దొరకలేదు. రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికొచ్చాక, మలేరియాతో ఆస్పత్రిలో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. రక్తం తాగిన దోమ ఒక్కంటికి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. నాలుగు రోజులయ్యాక ఒక దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. ఆ నల్ల రేణువులు మలేరియా క్రిమి గుర్తు. 1880లో అల్జీరియాలో ఫ్రెంచ్ సైనిక డాక్టర్ లావెరాన్ మనిషి రక్తంలో చూసినవే. అవి దోమ కడుపులో ఏం చేస్తున్నాయన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. క్రిమి దోమలోకి వెళ్లి పెరుగుతోంది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు ఇంకో ప్రాణిలోకి వెళ్తుందని చూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది.

పెదనాన్న చాలాసేపు ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. "మేం ముప్పై ఏళ్లు రక్తంలోనే చూశాంరా. ఈయన దోమ పొట్ట కోసి చూశాడు. అది కంటికి ఆనేదేనా?" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "ఇంత పెద్ద కిటికీలు ఎందుకు పెట్టారు?" అని. గాలి కోసం అన్నాను. "గాలితోపాటు దోమ కూడా వచ్చింది ఇందులోంచే కదా" అన్నాడు.

నాకు ఆ మాట తగిలింది. జ్వరాన్ని బయట పెట్టాలని కట్టిన ఇల్లు జ్వరాన్ని తెచ్చే జీవికి తలుపులు తీసి పెట్టింది. ఆ సంగతి బయటపడిందీ అలాంటి ఇంట్లోనే. ఆ తర్వాత కదా కిటికీలకు ఇనుప జాలీలు వచ్చింది, తొట్లకు మూతలు పెట్టమన్నది, గుంటల్లో నూనె పోసింది. ఇంకో విషయం పెదనాన్న చెప్పేదాకా నాకు తెలియదు. దోమ రక్తం తాగాక బరువెక్కి ఎగరలేక దగ్గర్లోని గోడ మీద వాలుతుంది. అందుకే డీడీటీని గాల్లో కాకుండా గోడకు కొట్టేవాళ్లు. "పూరింట్లో అయితే చూరు కింద సందులోంచి వస్తది, గోడ మీద కూర్చుంటది. గోడకు మందుంటే అక్కడే పోతది" అన్నాడు. నా వృత్తిలో గోడంటే బరువు మోసేది, ఎండను ఆపేది. ఆయనకు అది మందు పూసే పలక.

ఇక్కడికి వచ్చేవాళ్లు ముందే విశ్వవిద్యాలయం వాళ్లను అడిగి రావడం మంచిది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం, ఆ రోజుల్లో అయితే మరీ మంచిది.

శుక్రవారం, ఎర్రగడ్డ

మెట్రోలో అమీర్‌పేటలో రైలు మారి ఎర్రగడ్డలో దిగాం. ఇక్కడి ఛాతీ ఆస్పత్రి ఒకప్పుడు నవాబ్ ఫక్రుల్ ముల్క్ విలాస భవనం. ఖైరతాబాద్ వైపున్న ఎర్రమంజిల్ కట్టించింది కూడా ఆయనే. విందులకు, వేటకు, విశ్రాంతికి కట్టుకున్న ఇల్లు క్షయ రోగుల శానిటోరియం అయింది.

వింతగా అనిపిస్తుంది కానీ, ఆ కాలపు వైద్యం గుర్తుంటే వింతేమీ లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో వచ్చింది. అంతకుముందు క్షయకు మందంటూ లేదు. ఊరికి దూరంగా ఎత్తు మీద, రోగిని వరండాలో మంచం వేసి పడుకోబెట్టడం, మంచి తిండి, ఎండ, గాలి, కదలకుండా విశ్రాంతి. అంతే చికిత్స. నవాబు సాయంత్రం చల్లగాలికి కూర్చోవడానికి కట్టుకున్న వరండా రోగి మంచానికి సరిగ్గా సరిపోయింది. మార్పులు పెద్దగా చేయాల్సిన పని లేకపోయింది. బేగంపేటలో గాలి గురించిన నమ్మకం మలేరియా విషయంలో తప్పని తేలింది. క్షయ విషయంలో మాత్రం పూర్తిగా తప్పు కాలేదు. గాలి ఆడని గదిలో దగ్గుతో క్షయ క్రిమి ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. కిటికీలు తెరిచి ఉంచమని డాక్టర్లు ఇప్పటికీ చెబుతారు.

రోగుల మధ్య కట్టడాన్ని చూస్తూ తిరగడం నాకు ఇబ్బందిగా అనిపించింది, ఎక్కువసేపు ఉండలేదు. ఆవరణలోనే టిమ్స్ పేరుతో పెద్ద ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. దాని ఎత్తు ముందు పాత భవనం చిన్నదైపోయింది. తిరిగి వస్తూ ఎర్రమంజిల్ ముందు ఆగాం. అసెంబ్లీ కొత్త భవనం కోసం దీన్ని కూల్చాలని 2019లో ప్రభుత్వం నిర్ణయిస్తే, హైకోర్టు కుదరదంది. అందుకే ఇంకా నిలబడి ఉంది. దాని గచ్చు పూలమాలలు, స్తంభాలు దుమ్ము కింద కూడా అందంగానే ఉన్నాయి.

శనివారం, అఫ్జల్‌గంజ్

ఉస్మానియా ఆస్పత్రికి నేను చిన్నప్పుడు రోగుల వెంట వచ్చాను. కట్టడంగా చూడటానికి రావడం వేరే అనుభవం. నయాపూల్ మీద నిలబడితే మూసీకి ఉత్తరాన ఆస్పత్రి గుమ్మటాలు, దక్షిణాన హైకోర్టు గుమ్మటాలు ఒకేసారి కనిపిస్తాయి. రెండింటికీ విన్సెంట్ ఎష్ పేరు ముడిపడి ఉంది. కలకత్తా విక్టోరియా మెమోరియల్ పనిలో ఉండి, తర్వాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొలువులోకి వచ్చిన ఆర్కిటెక్ట్. కాచిగూడ స్టేషన్, సిటీ కాలేజీ కూడా ఆయన గీసినవే.

ఈ ఆస్పత్రి ఇక్కడ ఇంత పెద్దగా ఎందుకు లేచిందో తెలియాలంటే 1908 సెప్టెంబర్ 28కి వెళ్లాలి. ఆ రోజు మూసీ పొంగి నగరంలో దాదాపు పదిహేను వేల మంది చనిపోయారని అంచనా. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి రోగులతో సహా కొట్టుకుపోయింది. మామూలు ఆస్పత్రి కాదది. 1888, 1889ల్లో, ఆపరేషన్‌కు మత్తుగా ఇచ్చే క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని తేల్చడానికి నిజాం డబ్బుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో పరీక్షలు జరిగింది ఈ నగరంలోనే. ఆ బృందంలో పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు.

వరదలో ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఏటా సెప్టెంబర్ 28న దాని కింద జనం చేరి, పోయినవాళ్లను తలుచుకుంటారు. పెదనాన్న బెరడు మీద అరచెయ్యి ఆనించి కొమ్మలు ఎంత దూరం పోయాయో చూశాడు. "నూటయాభై మంది పడతారా?" అన్నాడు. కింద నిలబడి చూస్తే నమ్మొచ్చు.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1920ల్లో, అదే నది ఒడ్డున, ఎష్ గీసిన ఆస్పత్రి లేచింది. గుమ్మటాలు, ఛత్రీలు, ఎండను ఆపే ఛజ్జాలు, కోసుతేలిన కమాన్లు దాని పైకి కనిపించే అందం. నాకు నచ్చింది లోపలి పొందిక. పొడవాటి వార్డులు, రెండువైపులా కిటికీలు, పక్కన నడవలు, మనిషి తలకు చాలా పైన వెంటిలేటర్లు. వేడి గాలి పైకి లేచి అక్కడి నుంచి బయటికి పోతుంది, కింద కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. కరెంటు ఫ్యాన్ మీద ఆధారపడకుండా వందల మంది రోగుల్ని ఒకే చోట ఉంచడానికి ఆలోచించి గీసిన ప్లాన్. ఇప్పుడు అద్దాల డబ్బాల్లా కట్టే ఆస్పత్రుల్లో కరెంటు పోతే పది నిమిషాల్లో ఊపిరాడదు.

పాత భవనంలోకి ఇప్పుడు వెళ్లలేం. 2020 జులైలో వానకు వార్డుల్లోకి నీళ్లొచ్చాక రోగుల్ని ఖాళీ చేయించి తాళాలు వేశారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. అందుకే బయటి గోడ వెంట నడిచాం. అక్కడ ఒక చోట నేను ఆగిపోయాను.

గోడ అడుగున, మోకాలెత్తులో, ఎప్పుడో పాత పూత రాలితే సిమెంటుతో అతుకు వేశారు. బూడిదరంగు అతుకు గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది. దాని చుట్టూ మాత్రం పాత సున్నం పొడిపొడిగా రాలుతోంది. గోరుతో గీకితే తెల్లటి ఉప్పు వేలికి అంటింది. ఇందులో జరిగేది ఇది. పాత గోడ డంగు సున్నంతో కట్టింది. సున్నం, ఇసుక కలిపి గానుగలో రోజుల తరబడి నూరి, కొన్ని చోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పోసి చేసే ముద్ద. ఆ గోడ నేలలోంచి, వానలోంచి తేమ పీలుస్తుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. సన్న పగుళ్లు పడితే లోపలి సున్నం తడికి కరిగి, గాలి తగిలి మళ్లీ గట్టిపడి వాటిని చాలావరకు తనే పూడ్చుకుంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేదు. పక్కకు పాకుతుంది, ఉప్పును వెంట తీసుకెళ్తుంది, అతుకు అంచున గోడను తినేస్తుంది. బాగు చేశామనుకున్న చోటే గోడ చెడుతుంది. పైకి చూస్తే పిట్టగోడ మీద, గుమ్మటం మొదట్లో రావి మొక్కలు. వేరు వేలెడు లావు అయ్యేదాకా ఆగితే రాయి కదులుతుంది.

ఈ భవనం కూలడానికి సిద్ధంగా ఉందని అనేవాళ్లున్నారు, బాగు చేస్తే ఇంకో వందేళ్లు ఉంటుందనేవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల వైపు. నేను చూసినంతలో ఈ గోడ దెబ్బతిన్నది వయసు వల్ల కాదు. నీళ్లు పోయే దారి మూసుకుపోవడం వల్ల, తప్పు మందు పూయడం వల్ల. రోగుల్ని ఇందులో ఉంచాలా వద్దా అనేది వేరే ప్రశ్న. ఇప్పటి ఐసీయూలకు, ఆక్సిజన్ పైపులకు, లిఫ్టులకు ఇది కట్టింది కాదు, దాన్ని ఒప్పుకోవాలి. కానీ రోగులు వెళ్లిపోయారు కాబట్టి ఇల్లు కూడా పోవాలన్నది నాకు మింగుడు పడదు.

మధ్యాహ్నం గౌలిగూడలో చిన్న హోటల్‌లో భోంచేశాం. పెదనాన్నకు అలుపొచ్చింది. ఆదివారం బంధువుల ఇంట్లోనే ఉండిపోయాం.

సోమవారం, కోఠీ

ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగితే కోఠీ రెసిడెన్సీ నడిచి వెళ్లేంత దూరం. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. గేటు దగ్గర పేర్లు రాసి లోపలికి వెళ్లాం.

ఇది ఆస్పత్రిగా కట్టిందీ కాదు, ఆస్పత్రి అయిందీ కాదు. కానీ బాగు చేసిన ఇల్లు ఎలా ఉంటుందో చూడాలనే వచ్చాం. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) జేమ్స్ అఖిలిస్ కిర్క్‌పాట్రిక్ కోసం మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టిన కట్టడం. డబ్బు నిజాం పెట్టాడు. దీని మీద ఒక కథ చెబుతారు. కిర్క్‌పాట్రిక్ ముందు పెద్ద కాగితం మీద ప్లాన్ గీయించి చూపిస్తే నిజాం వద్దన్నాడట. అంత పెద్ద కాగితం ఆయన తన రాజ్యం మ్యాప్ ఒక్కదానికే చూశాడు. అదే ప్లాన్‌ను చిన్న కార్డు మీద గీసి తీసుకెళ్తే ఒప్పుకున్నాడట. ప్లాన్లు గీసే నాకు ఈ కథ చాలా నచ్చింది. పెదనాన్నకు చెబితే, "స్కేలు తెలియకపోతే అంతే మరి" అన్నాడు.

ముందు 22 మెట్లు, ఇరుపక్కలా సింహాలు, పైన ఆరు కోరింథియన్ స్తంభాలు. ఆ స్తంభాలు పాలరాయి అనుకుని దగ్గరికి వెళ్లేవాళ్లే అందరూ. లోపల ఇటుక, పైన సున్నం. మెత్తటి సున్నాన్ని పొర మీద పొర వేసి, ఆరకముందే గులకరాయితో రుద్ది రుద్ది మెరుపు తెప్పించే పనిలో మద్రాసు మేస్త్రీలకు ఆ రోజుల్లో గొప్ప పేరు. స్తంభం నీడ వైపు చేయి పెడితే నిజంగా చల్లగా తగిలింది. లోపల దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తు. ఎండలోంచి వచ్చాక ఒంటి మీద చెమట ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు. అంత ఎత్తున వేడి అంతా పైకి పోయి నిలుస్తుంది.

తోటలో కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా ఉన్న రంగ్ మహల్ ఇప్పుడు లేదు, 1860ల్లో కూల్చేశారు. పర్దాలో ఉన్న ఆమె పెద్ద భవనం ముందుభాగం చూడలేదు కనుక ఆమె కోసం దాని చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇంకా ఉంది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదే. ఆ తర్వాతే చుట్టూ బురుజులు లేచాయి.

1949 నుంచి ఇక్కడ ఆడపిల్లల కాలేజీ నడిచింది. తర్వాత తర్వాత పెచ్చులూడి, తాళాలు పడి, ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ తోడ్పాటుతో మరమ్మతు జరిగింది. ఇక్కడ పూసింది సున్నమే. పాత పూతకూ కొత్త పూతకూ మధ్య ఎక్కడా పొడి రాలడం నాకు కనిపించలేదు. అదే నగరం, అదే వాన, అదే ఎండ.

పెదనాన్న మెట్ల మీద కూర్చుని అడిగాడు, "ఉస్మానియా ఖాళీ అయ్యాక అందులో ఏం పెడతార్రా?" అని. నా దగ్గర జవాబుంది. వైద్య చరిత్ర మ్యూజియం పెట్టాలి. రాస్ దోమ సంగతి బేగంపేటలో విడిగా, క్లోరోఫాం సంగతి పుస్తకాల్లో, వరద సంగతి చింతచెట్టు కింద, డీడీటీ తారీఖులు పెదనాన్న లాంటివాళ్ల జ్ఞాపకంలో ఉన్నాయి. అన్నిటినీ చెప్పడానికి వార్డులంత చోటు, కిటికీలంత వెలుగు అక్కడే ఉన్నాయి. దానికి ముందు చేయాల్సిన పని ఇంకా చిన్నది. ఈ వానలు మొదలయ్యేలోగా పైకప్పు మీది రావి మొక్కల్ని వేళ్లతో తీయించి, ఆ కన్నాలను సున్నంతోనే మూయించి, నీళ్ల గొట్టాలు శుభ్రం చేయించాలి. దానికి డంగు సున్నం తెలిసిన నలుగురు మేస్త్రీలు, ఒక పరంజా చాలు.